గోతుల పన్ను ఎవరి ఖాతాలోకి?

1982లో ఎన్టీ రామారావు ఒక పాత షెవర్లె వ్యానును మార్పించి, చైతన్య రథం అని పేరు పెట్టి రాష్ట్రం మీదకు బయలుదేరారు. కొడుకు హరికృష్ణే డ్రైవరు. తిండీ, నిద్రా, ఉపన్యాసం అన్నీ ఆ బండితోనే. 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటి నుంచి మన రాజకీయాల్లో చక్రాల మీది ఇల్లు ఒక ఆనవాయితీ అయింది. 2023లో పవన్ కల్యాణ్ వారాహి వచ్చింది. 2024 ఎన్నికల ముందు జగన్ బస్సు ఇడుపులపాయలో బయలుదేరి మన టెక్కలి దాకా వచ్చింది. నడిచి వచ్చినవాళ్లూ ఉన్నారు. 2003లో వైఎస్, 2013లో షర్మిల, 2019లో జగన్ తమ పాదయాత్రలు ఇచ్ఛాపురంలోనే ముగించారు. అందరి యాత్రలకూ మన నేలే ఆఖరి మజిలీ. పదవి వచ్చాక కూడా మనం ఆఖరునే ఉండిపోయాం.

ఈ రథాలకు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తాయో ఏ నాయకుడికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. ఆ డీజిలు డబ్బు వాళ్ల జేబులోది కాదు.

మనకూ ఇల్లు మోసే బండి ఉంది. దాని పేరు సాలూరు లారీ. సాలూరులో లారీ అంటే ఒక వాహనం కాదు, ఊరి బతుకు. బాడీ కట్టేవాడు, ఇంజను విప్పేవాడు, టైరు అతికేవాడు, డ్రైవరు, క్లీనరు అందరికీ కూడు పెట్టేది అదే. డ్రైవరు రోజుల తరబడి క్యాబిన్‌లోనే పడుకుంటాడు, రోడ్డు పక్కనే వండుకుంటాడు. పి.కోనవలస ఘాట్ ఎక్కి, సుంకి దాటి, కోరాపుట్ మీదుగా రాయపూర్ దాకా పోతాడు. కిరాయి ముందే ఖాయమవుతుంది. ఫైనాన్సు వాయిదా ఆగదు. మిగిలేదేమైనా ఉంటే డీజిల్లోనే మిగలాలి. అందుకే వాడికి మైలేజీ అంటే కూలి డబ్బు.

ఆ కూలిని గోతులు తింటున్నాయి. లెక్క తేలికే. బండి ఒకే వేగంతో, టాప్ గేరులో పోతుంటే డీజిలు తక్కువ తాగుతుంది. గొయ్యి కనబడగానే బ్రేకు వేయాలి. అంతవరకూ డీజిలు పోసి తెచ్చుకున్న వేగమంతా బ్రేకు డ్రమ్ములో వేడిగా కరిగిపోతుంది. మళ్లీ రెండో గేరు, మూడో గేరు, మళ్లీ డీజిలు. వంద గజాలకో గొయ్యి ఉంటే వంద గజాలకోసారి ఈ ఖర్చు తప్పదు. కమాన్ కట్టలు విరగడం, టైర్లు పేలడం, నడుములు పడిపోవడం దానికి అదనం.

ఆర్టీసీ అన్నలకు ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. డిపోలో ప్రతి డ్రైవరుకూ కె.ఎం.పి.ఎల్. లెక్క రాస్తారు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు లాగాడన్నదే ఆ లెక్క. తగ్గితే సంజాయిషీ చెప్పుకోవాలి. 2020 జనవరి 1 నుంచి వాళ్లు ప్రభుత్వోద్యోగులు అయ్యారు గానీ ఈ లెక్క మాత్రం పోలేదు. ఒక ఊహ చేద్దాం. మంచి రోడ్డు మీద లీటరుకు 5 కిలోమీటర్లు ఇచ్చే బస్సు, గోతుల రోడ్డు మీద నాలుగున్నరే ఇచ్చిందనుకోండి. రోజుకు 300 కిలోమీటర్లు తిరిగితే 60 లీటర్లు చాలాల్సిన చోట 66 లీటర్ల పైచిలుకు కావాలి. లీటరు 95 రూపాయలే అనుకున్నా ఒక్క బస్సు మీద రోజుకు 600 రూపాయలకు పైగా నేలపాలు. తప్పు రోడ్డుది, సంజాయిషీ డ్రైవరుది!

టైర్లలో గాలి సరిచూసుకోండి, గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో నడపండి అని చమురు పొదుపు వారోత్సవాల్లో చెబుతుంటారు. మంచి మాటే. పార్వతీపురం నుంచి కొమరాడ, కూనేరు మీదుగా రాయగడ పోయే దారిలో గోతులు తేలిన రోజుల్లో 45లో నడిపి చూపించమనండి. శ్రీరంగ నీతులు వినడానికి బాగుంటాయి.

ఇక పన్ను సంగతి. మన రాష్ట్రంలో డీజిలు మీద 22.25 శాతం వ్యాటు, ఆ పైన లీటరుకు 4 రూపాయలు. చాలదన్నట్టు 2020 సెప్టెంబరులో రోడ్ల అభివృద్ధి పేరుతో లీటరుకు మరో రూపాయి సెస్సు వేశారు. అందుకే ఇచ్ఛాపురం దాటే లారీ ఒడిశా బంకులోనే ట్యాంకు నింపుకుంటుంది. అటు వెళ్లలేని ఆటోవాడు, ట్రాక్టరు రైతు, మోటారు సైకిలు మీద బడికి పోయే పంతులు మాత్రం ఇక్కడి ధరే కట్టాలి. జాతీయ రహదారి ఎక్కితే బెల్లుపడ, లక్ష్మీపురం, మడపాం, నాతవలస టోల్‌గేట్లు కాచుకుని ఉంటాయి. టోలు కట్టిన చోట కనీసం రోడ్డుంది. సెస్సు కట్టిన చోటో? గోరుచుట్టు మీద రోకలిపోటులా గోతుల్లో కాలిన డీజిలు మీద కూడా మళ్లీ అదే వ్యాటు, అదే సెస్సు. రోడ్డు ఎంత పాడైతే సర్కారుకు అంత రాబడి. ఇదే గోతుల పన్ను.

శ్రీకాకుళం రోడ్ అని స్టేషనుకు పేరు పెట్టారు. రైలు దిగితే ఆమదాలవలస. అక్కడి నుంచి జిల్లా కేంద్రానికి ఉన్న పది పన్నెండు కిలోమీటర్ల రోడ్డు విస్తరణను ఏళ్ల తరబడి సాగదీశారు. కొమరాడ మండలంలో నాగావళి మీద పూర్ణపాడు - లాబేసు వంతెనకు 2006లో శంకుస్థాపన చేశారు. ముఖ్యమంత్రులు మారుతూ పోయారు, స్తంభాలు మాత్రం ఏళ్ల తరబడి ఏట్లోనే నిలబడ్డాయి. సీఎస్పీ రోడ్డు, అలికాం - బత్తిలి రోడ్డు గురించి ఆ దారిన తిరిగే విద్యార్థులకు మనం చెప్పాలా? కురుపాం, సీతంపేట కొండల మీద నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చేవాళ్ల దగ్గర మైలేజీ ఊసెత్తడానికే సిగ్గుపడాలి.

ఏమీ చేయలేదని అనడం లేదు. 2024 నవంబరులో పొరుగునే ఉన్న అనకాపల్లి జిల్లాలో గుంతలు పూడ్చే కార్యక్రమాన్ని ముఖ్యమంత్రి మొదలుపెట్టి సంక్రాంతి గడువు పెట్టారు. అదే డిసెంబరులో మక్కువ మండలం బాగుజోల దాకా ఉప ముఖ్యమంత్రి వచ్చి గిరిజన రోడ్లకు శంకుస్థాపన చేశారు. సంతోషం. కానీ మన రోడ్డు ఎవరో వచ్చి దయతలిస్తేనే బాగుపడాలా?

మనవాళ్లకు పదవులు రాలేదా అంటే వచ్చాయి. కేంద్రంలో విమానయాన శాఖ 2014లో విజయనగరానికి, 2024లో శ్రీకాకుళానికి దక్కింది. గాలిలో మనకు రెండుసార్లు మంత్రులున్నారు. నేల మీద ఏ రోడ్డుకు ముందు నిధులివ్వాలో తేల్చే అధికారమే మనకు లేదు.

రాష్ట్రం వేరుపడితే గోతులు వాటంతటవే పూడిపోతాయా అని కొందరు మిత్రులు ఎగతాళి చేస్తారు. పూడవు. తారు పోస్తేనే పూడతాయి. ఆ తారు డబ్బు ఎక్కడ ఖర్చవ్వాలో నిర్ణయించే కుర్చీ ఎంత దూరంలో ఉందన్నదే ప్రశ్న. ఒకప్పుడు ఆ కుర్చీ కర్నూల్లో ఉంది, తర్వాత హైదరాబాదులో, ఇప్పుడు అమరావతిలో. సాలూరు లారీ రోజూ పోయే రాయపూర్ 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాజధాని అయింది. అక్కడివాళ్లు రోడ్డు కోసం నిలదీయాలంటే ఇక భోపాల్ రైలెక్కనక్కర్లేదు. మనం అడుగుతున్నదీ అదే.

రాష్ట్రం వచ్చేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో 2020 నుంచి ఏటా ఎన్ని లీటర్ల పెట్రోలు, డీజిలు అమ్ముడైంది, దాని మీద రోడ్డు సెస్సు ఎంత వసూలైంది, అందులో ఎంత తిరిగి ఈ జిల్లాల రోడ్ల మీద పడిందో ప్రభుత్వం బయటపెట్టాలి. ఆర్టీసీ కె.ఎం.పి.ఎల్. లెక్కను డ్రైవరు పేరు మీద కాదు, రూటు పేరు మీద ప్రకటించాలి. ఏ రోడ్డు ఎంత డీజిలు తాగుతోందో అప్పుడు ఎవరూ దాచలేరు.

విద్యార్థులారా, సమాచార హక్కు చట్టం 2005 నుంచీ మన చేతిలో ఉంది. రోడ్లు భవనాల శాఖ కార్యాలయాలకు తలా ఒక దరఖాస్తు పెట్టండి. ఉద్యోగ సంఘాల నాయకులారా, ఈ లెక్కను మీ డిమాండ్ల పత్రంలో చేర్చండి. మళ్లీ ఎన్నికలొస్తాయి, మళ్లీ ఏదో ఒక రథం ఇచ్ఛాపురం వస్తుంది. దండ వేయడానికి ముందు ఈ రూపాయి లెక్క అడుగుదాం.