కనుమ దారిని సైకిలు యాత్ర

నీలగిరులను సైకిళ్లపై చుట్టివచ్చు ‘టూర్ ఆఫ్ నీలగిరీస్’ అను యాత్ర 2008వ సంవత్సరము డిసెంబరులో మొదలైనది. అనేకదినములు సాగు నిట్టి యాత్రలలో కొండ యెక్కు దినమే గట్టి పరీక్ష. మసినగుడి సుమారు 1000 మీటర్ల యెత్తున నున్నది. ఉదకమండలము సుమారు 2240. నడుమ కల్హట్టి కనుమలో 36 మలుపులు!

“మావలన జట్టంతయు నాలస్యమగునేమో” యని స్త్రీలు పెక్కుమంది సంకోచింతురు. ఆ సంకోచమే వారిని మొదటి మలుపులలో వడిగా తొక్కించి, నడుమ చతికిలబడునట్లు చేయును. ముందటి చిన్న పళ్లచక్రమును, వెనుకటి పెద్దదానిని వాడినచో కాలు తేలికగా తిరుగును; దూరము మాత్రము తక్కువ సాగును. సాగనిండు! మాటలాడుచు తొక్కగలిగినంత వేగమే తగిన వేగము. ఆకలియగువఱకు ఆగక అరటిపండో, వేరుసెనగ యుండయో నడుమ నడుమ తినుచుండవలెను. దిగి సైకిలును నడిపించుకొని పోవుట చిన్నతనము కాదు. వెనుకబడినవారి కొఱకు వేచియుండని జట్టును మేము జట్టనజాలము. ఈ మాట బయలుదేరకముందే తేల్చుకొనుడు.

ఎక్కుడుకంటె దిగుడే అపాయకరము. బ్రేకును విడువక పట్టియుంచినచో వేడెక్కును. మలుపునకు ముందే వేగము తగ్గించుకొనవలెను. చెమటతో తడిసిన యొడలికి డిసెంబరు గాలి తగిలినచో వ్రేళ్లు కొంకర్లుపోయి బ్రేకు పట్టు చిక్కదు. ఉన్ని స్వెట్టరును మూట అడుగున గాక పైననే యుంచుకొనుడు.