కవాసాకి నింజా 1100ఎస్‌ఎక్స్ ఫస్ట్ ఇంప్రెషన్స్: పవర్ తగ్గింది, బండి బాగుపడింది!

కొత్త ఫోన్ లాంచ్ అవగానే మనమందరం చేసే మొదటి పని ఒకటే. పాత మోడల్ స్పెక్స్, కొత్త మోడల్ స్పెక్స్ పక్కపక్కన పెట్టి ఏ అంకె పెరిగింది, ఏది తగ్గింది అని చూసుకుంటాం. బైకులకీ అదే అలవాటు. ఆ లెక్కన కవాసాకి నింజా 1100ఎస్‌ఎక్స్ కాగితం మీదే ఓడిపోతుంది. పాత నింజా 1000ఎస్‌ఎక్స్ పవర్ 142 పీఎస్. కొత్తదానిది 136 పీఎస్. ఇంజిన్ సైజు పెరిగింది, పేరులో నంబర్ పెరిగింది, పవర్ మాత్రం 6 పీఎస్ తగ్గింది. "ఇదేం అప్‌గ్రేడ్ రా బాబూ" అనిపించడం సహజం. నాకూ అలాగే అనిపించింది.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లి, అదే రోజు తిరిగొచ్చాక నా అభిప్రాయం మారింది. ఆ మార్పు ఎందుకొచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇది ఫుల్ రివ్యూ కాదు. ఒక మిత్రుడు ఈ బండి కొన్నాడు. ఏడెనిమిదేళ్లుగా 350 సీసీ బండి నడుపుతున్న మనిషి. ఫస్ట్ సర్వీస్ అయ్యాక "నువ్వొకసారి నడిపి చూసి చెప్పరా" అని తాళం చేతికిచ్చాడు. గేటు దగ్గర వాళ్లావిడ మాత్రం వేరే ప్రశ్న అడిగింది. "అన్నయ్యా, నిజం చెప్పండి. ఈయన దీన్ని తట్టుకోగలరా?" దారంతా నా బుర్రలో తిరిగింది ఆ ప్రశ్నే.

అసలేం మారింది?

ఇంజిన్ ఇప్పటికీ ఇన్‌లైన్ ఫోర్ సిలిండరే. బోర్ 77 మి.మీ. అలాగే ఉంచి, స్ట్రోక్‌ని 56 నుంచి 59 మి.మీ.కి పెంచారు. దాంతో 1,043 సీసీ కాస్తా 1,099 సీసీ అయింది. పిస్టన్ ఎక్కువ దూరం ప్రయాణించే ఇంజిన్ సాధారణంగా తక్కువ ఆర్‌పీఎంలో గట్టిగా లాగుతుంది, పై ఆర్‌పీఎంలో అంతగా పరుగెత్తదు. ఇక్కడ జరిగింది కూడా అదే. పాతదాంట్లో గరిష్ఠ పవర్ 10,000 ఆర్‌పీఎం దగ్గర వచ్చేది, ఇప్పుడు 9,000 దగ్గరే వస్తోంది. టార్క్ 111 నుంచి 113 ఎన్ఎంకి పెరిగింది, అదీ 8,000కి బదులు 7,600 ఆర్‌పీఎం దగ్గరే. దీనికి తోడు 5, 6 గేర్ల రేషియోలను హైవే కోసం కాస్త పొడుగు చేశారు. అంటే అదే వేగంలో ఇంజిన్ మునుపటికంటే నెమ్మదిగా తిరుగుతుంది.

ఫోన్ భాషలో చెప్పాలంటే, బెంచ్‌మార్క్ స్కోర్ కొంచెం తగ్గించి, రోజూ వాడేటప్పుడు స్మూత్‌గా ఉండేలా ట్యూన్ చేశారన్నమాట. మనలో ఎంతమంది బండిని 10,000 ఆర్‌పీఎం దాకా తీసుకెళ్తాం? తీసుకెళ్లే రోడ్డు ఎక్కడుంది?

రోడ్డు మీద ఎలా ఉంది?

తెల్లవారుజామున బయల్దేరాను. ఇక్కడే మొదటి చమత్కారం. గచ్చిబౌలి వైపు నుంచి తుక్కుగూడ వెళ్లి శ్రీశైలం హైవే ఎక్కడానికి ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. ఎనిమిది లేన్లు, 158 కిలోమీటర్లు, సిగ్నల్ అనేదే లేదు. కానీ టూవీలర్లకు ప్రవేశం లేదు. పదమూడు లక్షల బండైనా, పాత మోపెడ్ అయినా అక్కడ ఒకటే, రెండూ సర్వీస్ రోడ్డులోనే పోవాలి. ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీదా అంతే. బెంగళూరు–మైసూరు హైవే మెయిన్ క్యారేజ్‌వే మీద 2023 ఆగస్టు నుంచి అదే పరిస్థితి. దూరప్రయాణం కోసమే పుట్టిన బండికి దూరప్రయాణం కోసమే వేసిన రోడ్లు మూసి ఉన్నాయి.

అంటే మన దగ్గర స్పోర్ట్ టూరర్ బతుకంతా మామూలు హైవేల మీద, ఊళ్ల మధ్య, ఘాట్ రోడ్లలోనే. కాబట్టి బండిని అక్కడే తూకం వేయాలి.

తుక్కుగూడ దాటాక కడ్తాల్, ఆమనగల్, కల్వకుర్తి. రోడ్డు బాగుంది అనుకునేలోపు ఒక ఊరు వస్తుంది. ఊరు వస్తే స్పీడ్ బ్రేకర్, ఆటో, అడ్డంగా గేదెలు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం. వేగం 90 నుంచి 30కి పడిపోతుంది, మళ్లీ 90కి రావాలి. రోజంతా ఇదే ఆట. పై ఆర్‌పీఎంలో మాత్రమే ప్రాణం లేచొచ్చే బండైతే ప్రతిసారీ రెండు గేర్లు దించాలి. 1100ఎస్‌ఎక్స్‌తో ఆ తలనొప్పి లేదు. నాలుగో గేర్‌లోనే ఊరు దాటి, థ్రాటిల్ కొంచెం తిప్పితే చాలు, కుదుపు లేకుండా లాక్కుపోతుంది. క్విక్ షిఫ్టర్ ఇప్పుడు 1,500 ఆర్‌పీఎం నుంచే పనిచేస్తుంది. అంటే క్లచ్ పట్టుకోకుండా గేర్ మార్చే సౌకర్యం రేస్ ట్రాక్‌కే కాదు, ఊరి సెంటర్లోనూ పనికొస్తుంది. ఎడమచేతికి ఇంత విశ్రాంతి దొరుకుతుందని అనుకోలేదు.

డిండి దాటి మన్ననూర్ చెక్‌పోస్టుకి చేరేసరికి బాగా తెల్లారింది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోంచి వెళ్లే ఈ దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. ప్లాన్ చేసుకునేవాళ్లు గుర్తుపెట్టుకోండి. లోపల ఎలాగూ వేగం పనికిరాదు. మలుపు తిరగ్గానే కోతుల గుంపు కూర్చుని ఉండొచ్చు. దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో మాత్రం బండి అసలు గుణం తెలిసింది. 235 కిలోలకు అటూ ఇటూగా ఉండే బండి కదలనంతసేపే బరువు. కదిలాక ఆ బరువు మాయమవుతుంది. మలుపు మధ్యలో థ్రాటిల్ తెరిచినా ఉలిక్కిపడదు. హ్యాండిల్ బార్ పూర్తి స్పోర్ట్ బైకుల్లా కిందికి ఉండదు కాబట్టి మణికట్ల మీద భారం పడదు. వెనక డిస్క్‌ని 250 నుంచి 260 మి.మీ.కి పెంచారు. కార్నరింగ్‌లోనూ పనిచేసే ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ ఎలాగూ ఉన్నాయి.

19 లీటర్ల ట్యాంకు. లీటరుకు 16 కిలోమీటర్లే ఇచ్చిందనుకున్నా 300 దాటుతుంది. అడవి మొదలయ్యేలోపే బంకు చూసుకోవడం మేలు.

గ్యాడ్జెట్ సంగతులు

మన సైట్‌లో ఇది చెప్పకపోతే ఎలా? 4.3 అంగుళాల కలర్ టీఎఫ్‌టీ, బ్లూటూత్‌తో ఫోన్‌లోని రైడియాలజీ యాప్‌కి కనెక్షన్, క్రూజ్ కంట్రోల్, స్పోర్ట్, రోడ్, రెయిన్, రైడర్ అని నాలుగు మోడ్‌లు. కొత్తగా హ్యాండిల్ దగ్గర యూఎస్‌బీ టైప్-సీ పోర్ట్ వచ్చింది. ఇన్నాళ్లకు అదే కేబుల్‌తో ఫోనూ ఛార్జ్ చేసుకోవచ్చు, ఇంటర్‌కామూ ఛార్జ్ చేసుకోవచ్చు. ఈ ధర బండ్లలో ఇప్పుడు కనిపిస్తున్న పెద్ద స్క్రీన్లతో పోలిస్తే ఇది చిన్నదే. కానీ ఎండలో చదవగలిగానా లేదా అన్నదే నాకు ముఖ్యం. చదవగలిగాను.

ఒక జాగ్రత్త చెప్తాను. ఛార్జింగ్ పోర్ట్ ఉంది కదా అని ఫోన్‌ని నేరుగా హ్యాండిల్‌కి బిగించకండి. పెద్ద ఇంజిన్ల వైబ్రేషన్ వల్ల కెమెరాలోని స్టెబిలైజేషన్ దెబ్బతినొచ్చని యాపిల్ 2021లోనే హెచ్చరించింది. వైబ్రేషన్ డ్యాంపర్ ఉన్న మౌంట్ కొనండి. లక్ష రూపాయల ఫోన్‌కి అది పెద్ద ఖర్చు కాదు.

నచ్చనివి

గ్రౌండ్ క్లియరెన్స్ 135 మి.మీ. మాత్రమే. మన ఊళ్లలో ఎవరి ఇంటి ముందు వాళ్లు వేసుకునే స్పీడ్ బ్రేకర్లకి ఏ స్టాండర్డూ ఉండదు. ఇద్దరు ఎక్కి, సామాను పెట్టుకుంటే బండి ఇంకా కిందికి దిగుతుంది. విండ్‌స్క్రీన్ ఎత్తు చేత్తోనే మార్చుకోవాలి. టూరర్ అని పేరు పెట్టి, పక్క పెట్టెలు మాత్రం విడిగా కొనుక్కోమంటారు.

ఇక ధర. 2024 డిసెంబరులో మన దేశంలో లాంచ్ అయినప్పుడు ఎక్స్-షోరూమ్ 13.49 లక్షలు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బండ్ల మీద పన్ను 31 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది. కాబట్టి పాత ధర చూసి షోరూమ్‌కి వెళ్లకండి, ఆన్-రోడ్ కొటేషన్ తీసుకున్నాకే ఇంట్లో మాట్లాడండి. ఇదే ఇంజిన్ కుటుంబానికి చెందిన వెర్సిస్ 1100 లాంచ్ ధర 12.90 లక్షలు. ఎత్తుగా కూర్చోబెడుతుంది, సస్పెన్షన్ ట్రావెల్ ఎక్కువ, గుంతల రోడ్లకి అదే నయం. మీ ప్రయాణాల్లో సగం పాడైన రోడ్లే అయితే నా ఓటు దానికే.

మరి తట్టుకోగలడా?

మన లైసెన్స్ విధానం ఒకసారి చూడండి. 18 నిండి, గేర్ బండి లైసెన్స్ చేతికొస్తే 100 సీసీ అయినా నడపొచ్చు, 136 పీఎస్ బండైనా నడపొచ్చు. యూరప్‌లో ఇలా కుదరదు. అక్కడ ఏ2 లైసెన్స్‌తో 35 కిలోవాట్లు, అంటే సుమారు 48 పీఎస్ దాకానే అనుమతి. కనీసం రెండేళ్లు అలా నడిపి, మళ్లీ పరీక్షో శిక్షణో పూర్తి చేస్తేనే పెద్ద బండి. నేరుగా పెద్ద లైసెన్స్ కావాలంటే సాధారణంగా 24 ఏళ్లు నిండాలి. మన దగ్గర ఆ మెట్లు లేవు. ఆ మెట్లు ఎవరికి వాళ్లే కట్టుకోవాలి.

అందుకే ఆ 6 పీఎస్ తగ్గడం నాకు నచ్చింది. ఈ బండి పవర్ ఎక్కడో పైన దాక్కుని ఒక్కసారిగా మీద పడదు. కింద నుంచే, తెలిసేలా వస్తుంది. రైడర్‌ని రెచ్చగొట్టదు. అలాగని ఇది సాధు జంతువు అనుకుంటే పొరపాటు. ఓవర్‌టేక్ చేసి మీటర్ చూసుకుంటే మీరు అనుకున్నదానికంటే 30 ఎక్కువ కనిపిస్తుంది. 350 సీసీ బండి మీద అలవాటైన బ్రేకింగ్ దూరాల లెక్క ఇక్కడ పనిచేయదు.

టూరింగ్ రుచి ఇంకా చూడనివాళ్లకి నా సలహా ఒకటే. ముందు బజాజ్ డామినార్ 400 లాంటి 40 పీఎస్ బండితో రెండేళ్లు తిరగండి. మిగిలిన డబ్బులో కొంత మంచి హెల్మెట్, జాకెట్, బూట్ల మీద, ఒక రైడింగ్ శిక్షణ మీద పెట్టండి. ఆ తర్వాత కూడా ఇది కావాలనిపిస్తే, అప్పుడు కొనండి. ఇప్పటికే అనుభవం ఉండి, ఇద్దరు కలిసి దూరాలు తిరిగేవాళ్లకైతే మాత్రం ఒకటే మాట. పాత 142 పీఎస్ కోసం సెకండ్ హ్యాండ్‌లో వెతకొద్దు. కొత్తదే మంచిది.

సాయంత్రం తాళం తిరిగిచ్చేటప్పుడు వాళ్లావిడ మళ్లీ అడిగింది. "బండి మంచిదే అమ్మా. మొదటి మూడు నెలలు రెయిన్ మోడ్‌లోనే నడపమను, రాత్రి ప్రయాణాలు వద్దను. వచ్చే నెల ట్రైనింగ్‌కి నేనే తీసుకెళ్తా" అన్నాను. మావాడు మొహం మాడ్చుకున్నాడు. ఆవిడ మాత్రం వెళ్లి టీ పెట్టింది.