స్టెంటు వివరము రోగికి చెప్పరాదా?



మూడు తరాలుగా ఎన్నూరులో కాపురమున్న తెలుగు కుటుంబము మాది. కిందటి సంవత్సరము మా అన్నగారికి గుండెపోటు రాగా, నగరములోని ఒక ఆసుపత్రిలో రక్తనాళమున స్టెంటు అమర్చి ప్రాణము నిలిపిరి. వారికి మేము ఋణపడి వున్నాము. కాని చేతికి వచ్చిన బిల్లులో 'స్టెంటు' అను ఒక్క మాట, దాని ప్రక్క మొత్తము తప్ప మరేమియు లేదు. మాత్రల సంగతి ఆంగ్లములో వ్రాసి యిచ్చిరి. మూడు నెలలకు ఒంట్లో కులాసాగా వున్నదని అన్నగారు మాత్రలు మానివేసిరి. పది రోజుల తరువాత కోడలు ఖాళీ డబ్బా చూచి అడిగినందున సంగతి బయటపడినది. తిరిగి వైద్యుని వద్దకు పోగా, దైవము మేలు చేసినదనియే ఆయన అన్నారు.

ఇందులోని ప్రమాదమేమో తెలియవలెనన్న కొంత పూర్వకథ చెప్పవలసి వున్నది. పూడిన నాళమును బుడగతో తెరచుట 1977లో జూరిచ్‌లో డాక్టరు గ్రుంట్‌జిగ్ ఆరంభించినారు. తెరచిన నాళము మరల మూసుకొనుచుండుటచే 1986లో ఫ్రాన్సు, స్విట్జర్లండు దేశములలో లోహపు జాలీ గొట్టమును లోపల నిలిపిరి. అదే స్టెంటు. అయినను కొందరికి ఆ జాలీ లోపల కండ పెరిగి దారి యిరుకగుచుండెను. అందుకని దానికి మందు పూసిరి. ఇట్టి స్టెంటును మొదట 1999లో బ్రెజిలు దేశమున డాక్టరు సోసా మనుష్యులకు అమర్చినారు. అయితే కండ పెరుగకుండ ఆపు మందే, లోహముపై సహజమైన పొర కప్పుటను గూడ ఆలస్యము చేయును. ఆ పొర కప్పులోగా రక్తము గడ్డకట్టవచ్చును. రోజూ వేసుకొను మాత్రలు అందుకే. అవి రోగి కులాసా కొరకు గాక, గడ్డను ఆపుటకు ఉద్దేశింపబడినవి.

తరువాత జాలీ తీగలు నూట నలుబది మైక్రానుల నుండి అరువది వరకు సన్నబడినవి. మందును పట్టి వుంచు పూత కరిగిపోవునట్లు చేసిరి. అట్లని క్రొత్తదెల్ల మేలైనది కాదు. పూర్తిగా కరిగిపోవు స్టెంటొకటి 2016లో అమెరికాలో అనుమతి పొంది, 2017లోనే అమ్మకము నుండి తొలగినది.

ఈ కథలో మనవారి పాలు తక్కువ కాదు. హైదరాబాదులో డాక్టరు సోమరాజుగారు, అబ్దుల్ కలాముగారు కలసి 1990 దశకములో చౌక స్టెంటును సిద్ధము చేసిరి. అది 'కలాం-రాజు స్టెంటు'గా పేరు పొందినది. సూరత్‌లో తయారగు సన్నని స్టెంటును ఐరోపాలో అమెరికా స్టెంటుతో పోల్చి చూడగా, దానికి తీసిపోలేదని 2019లో లాన్సెట్ పత్రిక ప్రకటించినది.

ధర విషయమునను మేలు జరిగినది. లక్ష రూపాయలు దాటి అమ్ముచుండిన మందు పూత స్టెంటుకు 2017 ఫిబ్రవరిలో కేంద్ర ధరల సంస్థ రూ. 29,600, ఉత్త లోహపు స్టెంటుకు రూ. 7,260 గరిష్ఠ ధరలు నిర్ణయించినది. తరువాత అవి మారుచు వచ్చినవి. స్టెంటు పేరు, తయారీదారు, బాచి నెంబరు, ధర బిల్లులో విడిగా చూపవలెనని ఆ ఉత్తర్వులోనే వున్నది. మాకు వచ్చిన బిల్లులో ఆ వివరములేవీ లేవు. ఈ ఉత్తర్వు ఒకటున్నదని మాకే తెలియదు. తెలియనివాడు అడుగుట ఎట్లు?

కావున నా మనవి రెండు విషయములు. బిల్లులో ఆ వివరములున్నవో లేవో అధికారులు అప్పుడప్పుడు తనిఖీ చేయవలెను. రెండవది, ఏ మాత్ర ఎన్నాళ్లు వేసుకొనవలెనో, వైద్యుని అడుగక మానరాదనియు, రోగి చదువగల భాషలో ఒక చిన్న చీటీ యివ్వవలెను. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఎన్నూరులో కర్మాగారాలలో పనిచేసి విశ్రాంతి తీసుకొనుచున్న పెద్దలు, చేపలు పట్టి జీవించువారు అనేకులు ఆంగ్లము చదువలేరు. స్టెంటు మేలైనదగుటకు నలుబది ఏండ్లు పట్టినది. ఆ మేలు ఒక చీటీ లేక చెడిపోరాదు.

పాఠకులు గూడ తమ యింటి పెద్దల మందుల డబ్బా ఒకసారి తెరచి చూడ ప్రార్థన.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎన్నూరు.