ఆ సిగ్గు మాది గాదు

పరువు అనే మాటకు మా దిక్కు ఎంత నెత్తురంటిందో లోకానికి తెలుసు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, ఆస్పత్రి ముందట, గర్భిణి అయిన భార్య కండ్ల ముందే పెరుమాళ్ల ప్రణయ్‌ను కిరాయి కత్తితో నరికించింది ఆ పరువే. చంపినంక గూడ వాళ్లను ఒదల్లేదు. 2020లో ఆ కథ మీద 'మర్డర్' అని సినిమా మొదలుపెట్టిన్రు. మా పేర్లు, ఫొటోలు అడగకుండ వాడుకుంటున్నరని ప్రణయ్ తండ్రి ఫిర్యాదు చేసిండు. కొడుకును పోగొట్టుకున్నోళ్లే తమ మొకాల కోసం కోర్టుల చుట్టు తిరగాల్సొచ్చింది.

కత్తి పట్టిన పరువు ఇప్పుడు సెల్లు గూడ పట్టింది.

నేను మాదిగింటి ఆడబిడ్డను. సూర్యాపేటలో హాస్టల్ల ఉండి చదువుకున్న. మా ఇంట్ల తొలి డిగ్రీ నాది. ఇయ్యాల సర్కారు బడి టీచర్ను. మా బడిల చదివి కోదాడ కాలేజీకి పోయిన పిల్ల ఒకామె ఓ రాత్రి ఫోన్ చేసింది. "టీచర్, నా ఫొటోలు గ్రూపుల పెట్టిండు" అని ఏడ్చింది. ప్రేమ అన్నప్పుడు వానికి కులం యాదికి రాలేదు. పెండ్లి అనంగనే వచ్చింది. ఆమె నిలదీసింది, ఫొటోలు బయటపడ్డయి.

ఆమెను తీసుకొని స్టేషన్‌కు పోయిన. "ఫోన్ చూపియ్యి" అన్నడొకాయన. చూసి పక్కాయనకిచ్చిండు. "నువ్వెందుకు దిగినవమ్మా? పెండ్లి కావాల్సినదానివి, రాజీ చేసుకో" అన్నరు. మూడోసారి పోతేగాని కేసు కాలేదు. ఆలోపల ఆమె పరీక్షలు పోయినయి. వాళ్ల నాయిన కూలికిపోయేది ఆ పిలగాని చుట్టాల పొలానికే. ఆ కూలి గూడ పోయింది. వాడు మాత్రం రోజూ కాలేజీకి పోయిండు.

"ఎందుకు దిగినవు" అన్న ప్రశ్నకు చట్టంలనే జవాబున్నది. ఫొటో తియ్యడానికి ఆడమనిషి ఒప్పుకున్నా, పంచడానికి ఒప్పుకోకపోతే పంచడం నేరమని భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ చెప్తుంది. 2013లో ఐపీసీలో చేర్చిన 354-సి గూడ ఇదే చెప్పింది. ఈ ఫిర్యాదును మహిళా అధికారే రాసుకోవాలని గూడ రూలున్నది. కాని అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టొద్దన్న 72వ సెక్షన్‌లో ఈ నేరానికి చోటు లేదు. ఇగ ఐటీ చట్టం 67వ సెక్షన్ దీన్ని 'అశ్లీలం' లెక్కన చూస్తది. నమ్మకద్రోహం చేసింది వాడైతే, అశ్లీలమన్న పేరు మా ఒంటికా?

ఉద్యమాల అన్నలారా, ఆడబిడ్డలు నోరు విప్పాలని మైకుల చెప్తరు. విప్పిన మరునాడు ఆ ఇంటికి కూలి ఎవరిస్తరు? ఆమె ఫీజు ఎవరు కడ్తరు? వాడల "గా పిల్లనే" అని ఏలు చూపెట్టెటోని నోరు ఎవరు మూపిస్తరు? ఇవి చెయ్యకుండ ధైర్యం చెప్పుడంటే ఆమెను ఒంటరిగ బాయిల దించి తాడు కోసుడే. నిజనిర్ధారణకు పోయినోళ్లు ఆ ఫొటో అడగొద్దు. ఆమె మాట చాలదా?

విద్యార్థి తమ్ములారా, "నేను పంపలేదు, చూసిన అంతే" అంటరు. మీరు చూస్తరనే వాడు పంపిండు. మీ గ్రూపులకొస్తే ఎవడు పంపిండో ఆమె తరఫున నిలబడి చెప్పుండ్రి.

మా ఒళ్లు మాది. మా ఫొటో మాది. సిగ్గు మాత్రం పంచినోనిది, చూసి నవ్వినోనిది. వాళ్లనే మొయ్యనియ్యుండ్రి.