ఆఖరి గుండిగ ఎవరికి?

పోయిన పెళ్లిళ్ల సీజన్లో డిగ్లీపూర్లో మా బంధువుల ఇంట పెళ్లి జరిగింది. రాత్రి పదకొండు గంటలకు చూస్తే రెండు గుండిగల బిర్యానీ మిగిలింది. పారేయడానికి మనసొప్పక నలుగురం దాన్ని ఆటోలో వేసుకుని కూలీల షెడ్లకు తీసుకెళ్లాం. అక్కడున్న వాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం నుంచి పనికొచ్చినవాళ్లే. ఒక పెద్దావిడ గిన్నె పట్టుకుని బయటికొచ్చి నన్ను గుర్తుపట్టింది. "పొద్దున్న మీ పందిరికాడ కట్టెలు మోసినప్పుడు తినమన్లేదు గదా బాబూ, ఇప్పుడు గుర్తొచ్చినామేటి?" అంది. అయినా పిల్లల కోసం పెట్టించుకుంది. బిర్యానీ అప్పటికే కాస్త పులిసిన వాసన వేస్తోంది. అక్కడ తీసిన ఫొటో నేను ఎవరికీ పంపలేదు.

ఆహార వృథా గురించి ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నారు. మాట్లాడాల్సిందే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం 105 కోట్ల టన్నుల ఆహారాన్ని వృథా చేసింది. అందులో 60 శాతం ఇళ్లలోనే. మిగులును చెత్తకుండీకి పోనివ్వకుండా ఆకలిగా ఉన్నవాళ్లకు చేర్చడం మంచి పనే, నేను దానికి వ్యతిరేకిని కాదు. కానీ మన దేశంలో మిగులుకు, ఎంగిలికి మధ్య గీత గీసింది కులం. ఊరి విందు ముగిశాక వాడకు విస్తరాకుల మెతుకులు చేర్చినవాళ్లు కూడా వృథా కానివ్వలేదనే చెప్పుకోగలరు.

అందుకే 1927 మార్చిలో మహాడ్ సభలో బాబాసాహెబ్ నీళ్ల గురించి మాత్రమే మాట్లాడి ఊరుకోలేదు. చచ్చిన పశువు మాంసం, ఇతరులు పారేసిన తిండి మానేయమని తన జనానికి చెప్పారు. ఆకలితో ఉన్న మనిషికి ఆ మాట చెప్పడం ఎంత కష్టమో ఆయనకు తెలియనిది కాదు. ఓంప్రకాశ్ వాల్మీకి తన ఆత్మకథకు 'జూఠన్' అని పేరు పెట్టుకున్నది కూడా ఈ గాయం నుంచే.

అండమాన్‌లో కులం లేదని ఇక్కడ చాలామంది గర్వంగా అంటారు. కాగితాల మీద నిజమే. ఈ ద్వీపాలకు షెడ్యూల్డు కులాల జాబితాయే లేదు, 2011 జనాభా లెక్కల్లో ఎస్సీల సంఖ్య సున్నా. మరి తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులుగా వచ్చి ఈ ఉత్తర అండమాన్ అడవి కొట్టి వరి పండించిన నామశూద్రులు ఎవరు? ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన దళిత కూలీలు ఎవరు? రాంచీ ప్రాంతం నుంచి అడవి పనికి తెచ్చిన ఓరావ్, ముండా ఆదివాసీలకు ఇక్కడ ఎస్టీ గుర్తింపు లేదు. జాబితా లేని చోట ఎవరి పళ్లెం ఖాళీగా ఉందో కులం వారీగా లెక్కపెట్టే మార్గం కూడా ఉండదు. పరిశోధక విద్యార్థులు దృష్టి పెట్టాల్సిన చోటు ఇది.

తిండి పెట్టడమే అవమానం అయిన సంగతి మా రోడ్డు మీదే ఉంది. అండమాన్ ట్రంక్ రోడ్డులో వాహనాల్లోంచి జరావాలకు అరటిపళ్లు, బిస్కెట్లు విసిరినవాళ్లు తాము దయగలవాళ్లమనే అనుకున్నారు. 2012 జనవరిలో బయటపడిన వీడియోలో తిండి ఆశ చూపి జరావా స్త్రీలను నాట్యం చేయమన్నారు. దేశమంతా ఛీ కొట్టింది. విసరడం తప్పని తెలిసింది సరే, పెళ్లి అయ్యాక గుండిగ తోసుకుంటూ వెళ్లిన మా ఆటో దానికి ఎంత దూరంలో ఉంది?

మిగులు ఆహారం సేకరణ, పంపిణీపై ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2019లోనే నిబంధనలు తెచ్చింది. మిగులును చెత్తతో కలవకుండా వేరుగా ఉంచాలి, లేబుల్ వేయాలి, రికార్డు రాయాలి. సైన్సు కూడా ఇదే చెబుతుంది. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ బీజాలు బతికే ఉంటాయి, గది వేడిలో గంటల తరబడి ఉంచితే అవి పెరిగి విషం చేస్తాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. మా ఉక్కపోతలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. కాబట్టి మిగులును ఎనిమిదింటికే తీసి మూత పెట్టాలి. పదకొండింటికి కాదు.

అసలు మా దగ్గర పెద్ద మిగులు పెళ్లిళ్లలో కూడా లేదు, పొలాల్లో ఉంది. డిగ్లీపూర్ కూరగాయలు, పళ్లు అమ్ముడుపోవాలంటే 2024లో శ్రీ విజయపురంగా పేరు మార్చిన పోర్ట్‌బ్లెయిర్‌కు మూడువందల కిలోమీటర్లు వెళ్లాలి. జరావా రిజర్వు గుండా కాన్వాయ్ వేళలు పాటించాలి, మధ్యలో ఫెర్రీ దాటాలి. వానకు రోడ్డు చెడితే బస్తాలు కుళ్లిపోతాయి. వాటిని అంగన్వాడీలకు, బడి భోజనానికి పాలనా యంత్రాంగం డబ్బిచ్చి కొంటే రైతూ బతుకుతాడు, పిల్లల పళ్లెంలోకీ కూర వస్తుంది. అది దానం కాదు, కొనుగోలు. 2001లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2004లో వంటవాళ్ల నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చెప్పింది. ఎవరు వండుతారన్నది చిన్న విషయం కాదని కోర్టుకూ తెలిసింది. 2013 ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు ఐదు కిలోల ధాన్యం హక్కు చేసింది. షెడ్లలో ఉన్నవాళ్ల కార్డులు మాత్రం ఊళ్లో ఉంటాయి. ఎక్కడైనా రేషన్ తీసుకోవచ్చని వాళ్లకు చెప్పి, దుకాణం దాకా తోడు వెళ్లడం ఒక్క గుండిగ కంటే ఎక్కువ పని.

వచ్చే నెల మా ఇంట్లో మరో పెళ్లి ఉంది. కట్టెలు మోసేవాళ్లకు, గిన్నెలు తోమేవాళ్లకు మొదటి బంతిలోనే విస్తళ్లు వేయాలని అడిగాను. అమ్మ సరేనంది. పెదనాన్న ఇంకా ఏమీ అనలేదు.