సిస్టర్... ఒక్క నిమిషం!

రాత్రి ఎనిమిదవుతుంది. వార్డులోకి మందుల ట్రాలీ వస్తుంది. నర్సు ఓ మంచం దగ్గర ఆగి కేస్‌షీటు చూసి, ఇంజెక్షన్ సీసా చేతిలోకి తీసుకుంటుంది. సరిగ్గా అప్పుడే... ‘సిస్టర్, మా నాన్నకి సెలైన్ అయిపోతోంది’ అంటారొకరు. ‘సిస్టర్, డాక్టరుగారు ఎప్పుడొస్తారు?’ ఇంకొకరు. అటు కౌంటర్లో ఫోను. ఆమె తల తిప్పి జవాబు చెప్పి మళ్లీ సీసా వైపు చూస్తుంది. ఎక్కడ ఆపిందో గుర్తు తెచ్చుకోవాలి.

అలా తల తిప్పడం ఎంత ప్రమాదమో ఆస్ట్రేలియాలో లెక్క కట్టారు. జోహన్నా వెస్ట్‌బ్రూక్ బృందం సిడ్నీలోని రెండు పెద్దాసుపత్రుల్లో 98 మంది నర్సుల వెంట ఉండి, 720 మంది రోగులకు మందులివ్వడాన్ని గమనించింది. సగానికి పైగా సార్లు మధ్యలో ఎవరో ఒకరు కదిలించారు. కదిలించిన ప్రతిసారీ మందులో పొరపాటు దొర్లడం 12.7 శాతం పెరిగింది. ఒక రోగికి మందులిచ్చేలోపు నాలుగుసార్లు ఆటంకం కలిగితే పెద్ద తప్పు జరిగే ముప్పు రెట్టింపైంది. 2010లో వచ్చిన ఈ ఫలితాల్లో ఇంకో మాట... ఏళ్ల అనుభవం కూడా ఇలాంటి పొరపాట్లను ఆపలేకపోయింది!

పొరపాటంటే ఏదో ఓ బిళ్ల తక్కువో ఎక్కువో అనుకుంటాం. అమెరికాలోని నాష్‌విల్‌లో 2017 డిసెంబరులో జరిగింది వేరు. 75 ఏళ్ల మహిళకు స్కానింగ్ ముందు ఆందోళన తగ్గేందుకు ‘వెర్సెడ్’ ఇవ్వాలి. నర్సు రడోండా వాట్ మందుల యంత్రంలో మొదటి రెండక్షరాలు నొక్కింది. అక్కడ ఆ మందు కంపెనీ పేరుతో లేదు, ‘మిడజోలామ్’ అని అసలు పేరుతో ఉంది. దొరకలేదు. అత్యవసరమని తాళం దాటించి మళ్లీ అవే అక్షరాలు నొక్కితే ‘వెక్యురోనియం’ వచ్చింది. అది కండరాలను స్తంభింపజేసి ఊపిరి ఆపేసే మందు. సీసా మూతమీద హెచ్చరిక ఉంది. పైగా వెర్సెడ్ ద్రవం, ఇది పొడి... నీళ్లు కలపాలి. అయినా ఆమెకు తట్టలేదు. అప్పుడామె కొత్తగా చేరిన నర్సుకు పని నేర్పుతూ, తర్వాత చెయ్యాల్సిన పని గురించి మాట్లాడుతోంది. మర్నాడు రోగి చనిపోయింది.

వాట్ తప్పు దాచలేదు. తనే ఒప్పుకుంది. ఉద్యోగం, లైసెన్సు పోయాయి. 2022లో కోర్టు ఆమెను నేరస్థురాలిగా తేల్చి మూడేళ్ల ప్రొబేషన్ విధించింది. ‘ఇలా అయితే ఇక తప్పు జరిగిందని ఎవరు చెబుతారు?’ అని అక్కడి నర్సులు గగ్గోలు పెట్టారు. వాళ్ల భయంలో న్యాయముంది. చెప్పకుండా దాచిన తప్పు ఇంకో వార్డులో మళ్లీ జరుగుతుంది.

అందుకే కొన్ని ఆసుపత్రులు ‘మందులిస్తున్నాను, కదిలించకండి’ అని రాసిన జాకెట్లు నర్సులకు తొడిగి చూశాయి. సిడ్నీలో అవి వేసుకున్నాక ఆటంకాలు తగ్గాయి. కానీ ‘ఉక్కపోస్తోంది, ఇదో అదనపు పని’ అని విసుక్కున్న నర్సులూ ఎక్కువే! మన వేసవిలో సంగతి చెప్పక్కర్లేదు.

మన దగ్గర ఆ జాకెట్ పని బంధువులే చెయ్యొచ్చు. సెలైన్‌లోకి గాలి పోతోందనో, ఆయాసం పెరిగిందనో అయితే వెంటనే పిలవాల్సిందే. బిల్లు ఎంతైంది, డిశ్చార్జి ఎప్పుడు లాంటివి మాత్రం ట్రాలీ మన మంచం దాటి, పక్క మంచం కూడా దాటాక అడగొచ్చు. అదే చేతితో ఆ పక్కాయనకీ మందివ్వాలి కదా!

ఇంకొకటి. ‘మీ పేరేంటండీ?’ అని సిస్టర్ పూటపూటకీ అడుగుతుంటే చాలామందికి కోపం. ‘మూడ్రోజుల్నుంచి ఇక్కడే ఉన్నాం, ఇంకా పేరు తెలీదా?’ అని కసురుతారు. ఆమెకు తెలుసు. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, ఇవ్వాల్సిన పద్ధతి, ఇవ్వాల్సిన వేళ... నర్సింగ్‌లో మొదట నేర్పే ఈ అయిదింటిలో మొదటిదాన్ని సరిచూసుకుంటోంది. ఒకే వార్డులో ఇద్దరు వెంకటేశ్వరరావులు ఉండటం మన దగ్గర వింతేం కాదు. ఇంటిపేరుతో సహా చెబితే ఇంకా మంచిది.