ఆకాశమును చిత్రించుటకు క్రొత్త కెమెరా కావలెనా?

గడచిన జనవరిలో, సంక్రాంతి సెలవులకు ముందు, మా పాఠశాల పై తరగతుల బాలబాలికలు కొందరు రాత్రి ఎనిమిది గంటల వేళ ఆటస్థలమున చేరి, ఒక పాత డిజిటల్ కెమెరాతో గొల్లకావడి చుక్కలను చిత్రింప ప్రయత్నించిరి. ఆ కెమెరా పూర్వవిద్యార్థి యొకరు పాఠశాలకు దయతో నిచ్చినది. మరునాడు తరగతిలో ఆ చిత్రమును చూడగా చుక్కలు చుక్కలుగా లేవు. చిన్న చిన్న గీతలుగా నుండెను. గొల్లకావడికి దిగువనున్న నీహారిక బూడిదరంగు మరకవలె కనబడెను. పిల్లలు ముఖములు చిన్నబుచ్చుకొని, "మాస్టారూ, ఇది పాత కెమెరా అండి. క్రొత్తది కొంటేనే గాని లాభము లేదండి" అనిరి.

వారము తిరుగకముందే వారిలో నొకని తండ్రి మా యింటికి వచ్చిరి. ఆయన కొద్దిపాటి సేద్యము గలవారు. లక్ష రూపాయలకు పైబడిన కెమెరా నొకదానిని కుమారుడు కోరుచున్నాడనియు, చదువునకు పనికివచ్చునన్నచో అప్పు చేసియైనను కొనెదననియు చెప్పి, "తమరు కొనమందురా, వద్దందురా?" అని అడిగిరి. ఆ సాయంకాలము మేము చెప్పిన ప్రత్యుత్తరమునే కొంత విపులముగా నిచ్చట వ్రాయుచున్నాము. ఏలయన నిట్టి ప్రశ్న మరికొన్ని యిండ్లలోను పుట్టియుండునని తలంచుచున్నాము.

మా యభిప్రాయమును మొదటనే చెప్పెదము. నక్షత్రచిత్రములు బాగుగా రానందుకు కారణము చాలవరకు కెమెరా కాదు. భూమి తిరుగుట, కటకపు నోరు చిన్నదగుట, మనకు ఓపిక చాలకుండుట, ఈ మూడే ముఖ్యకారణములు. వీనిని సరిచేయక కెమెరాను మార్చుట, బండి యిరుసునకు కందెన వేయక ఎద్దులను మార్చుట వంటిది.

మొదట భూమి సంగతి. భూమి 23 గంటల 56 నిమిషములలో నొకమారు తన చుట్టు తాను తిరుగును. అందుచేత ఖగోళ మధ్యరేఖకు దాపుననున్న చుక్క సెకనునకు 15 వికలల చొప్పున జరుగుచున్నట్లు కనబడును. డిగ్రీలో 3600వ భాగము ఒక వికల. గొల్లకావడి యించుమించుగా ఆ రేఖమీదనే యున్నది. ముక్కాలిమీద కదలక నిలిచిన కెమెరాతో నెంతసేపు వెలుగును పట్టవచ్చునో తెలిసికొనుటకు ఒక మోటు లెక్క కలదు. 500ను కటకపు నాభ్యంతరముతో భాగింపవలెను. విద్యార్థులకు సాధారణముగా దొరకు చిన్న సెన్సరు కెమెరా యైనచో, నాభ్యంతరమును ముందుగా 1.5తో హెచ్చవేయవలెను. మన పిల్లలు 50 మిల్లీమీటర్ల కటకమును పెట్టిరి. 50ని 1.5తో హెచ్చవేయగా 75. 500ను 75తో భాగింపగా 6 సెకనులకు కొంచెము పైన వచ్చును. వారు కెమెరాను 20 సెకనులు తెరచియుంచిరి. కావున తప్పు లెక్కది గాని కెమెరాది కాదు.

క్రొత్త కెమెరాలలో పిక్సెళ్ల సంఖ్య హెచ్చుగా నుండునని విని పిల్లలు మురియుదురు. కాని పిక్సెలు చిన్నదైనకొలది చుక్క యొక పిక్సెలునుండి మరియొక పిక్సెలునకు జరుగుట త్వరగా బయటపడును. ముక్కాలిమీద నిలిపినంత కాలము క్రొత్త కెమెరా ఆ గీతను మరింత స్పష్టముగా చూపును గాని మాన్పజాలదు.

ఈ విషయము నక్షత్రచిత్రములంత పాతది. 1850 జూలైలో అమెరికాలోని హార్వర్డు వేధశాలయందు బాండు, విపుల్ అనువారలు అభిజిత్తు నక్షత్రమును చిత్రించిరి. సూర్యుడు గాక వేరొక నక్షత్రమునకు ఛాయాచిత్రము తీయుట అదియే మొదలు. అయితే దూరదర్శినిని త్రిప్పు గడియారపు యంత్రము సరిగా నడువనందున మందమైన చుక్కలు వారికి చిక్కలేదు. 1857లో మేలైన యంత్రమును, మేలైన పలకలును రెండును సమకూడిన పిమ్మట, మన పెద్దలు వధూవరులకు చూపు వసిష్ఠ అరుంధతుల చిత్రము అక్కడనే తీయబడెను. 1880 సెప్టెంబరు 30వ తేదీని హెన్రీ డ్రేపరు గొల్లకావడి దిగువనున్న నీహారికను మొట్టమొదట చిత్రించినప్పుడు 51 నిమిషములు వెలుగును పట్టవలసివచ్చెను. 1882 మార్చిలో 137 నిమిషములు పట్టి మిక్కిలి మేలైన చిత్రమును సాధించెను. అంతసేపు చుక్కలను వెన్నంటి త్రిప్పగలిగినందుననే అది సాధ్యమయ్యెను.

మన దేశమునకును ఈ చరిత్రలో భాగము కలదు. 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును టెన్నెంటు అను అధికారి బృందము మన గుంటూరునుండియే చిత్రించెను. తరువాత హైదరాబాదునందలి నిజామియా వేధశాల, అనేకదేశములు కలిసి పూనుకొనిన ఆకాశ పటముల కార్యములో పాలుగొని, దక్షిణముగా 17 మొదలు 23 డిగ్రీల వరకు గల ఖగోళభాగమును 8 అంగుళముల చిత్రదూరదర్శినితో పలకలమీదికి దించెను. నేడు మన పిల్లల చేతిలోనున్న పాత కెమెరా వెలుగును పట్టుటలో ఆనాటి పలకలకంటె ఎన్నో రెట్లు చురుకైనది. సాధనము లేక మనము వెనుకబడలేదు.

ఇప్పుడు లెక్కవేసి చూతము. చిన్న సెన్సరు సుమారు 23.5 మిల్లీమీటర్ల పొడవు, 15.6 మిల్లీమీటర్ల వెడల్పు గలది. లక్షకు పైబడిన కెమెరాలోని పెద్ద సెన్సరు 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గలది. విస్తీర్ణములో పెద్దది సుమారు 2.36 రెట్లు. అయినను అదే కటకమును తగిలించినచో నీహారికనుండి వచ్చు వెలుగు రవంతయు పెరుగదు. చుట్టుపట్ల ఆకాశము మాత్రమే హెచ్చుగా చిత్రములో పడును. పైగా చిన్న సెన్సరునకై చేసిన కటకములు పెద్ద సెన్సరును నిండుగా కప్పవు గనుక కటకమునకు వేరుగా సొమ్ము పెట్టవలెను. ఆ సంగతి అంగడిలో తరుచుగా రెండవమారు పోయినప్పుడే తెలియును.

కటకమునందు వెలుగు ప్రవేశించు నోటిని చూడవలెను. కెమెరాతో వచ్చు మామూలు కటకమునకు 55 మిల్లీమీటర్ల వద్ద ఆ నోరు 10 మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ. ఎఫ్ 1.8 అని వ్రాసియుండు 50 మిల్లీమీటర్ల చౌక కటకమునకు అది 28 మిల్లీమీటర్లు. వెలుగు నోటి వెడల్పు వర్గమును బట్టి పెరుగును గనుక ఇది ఎనిమిది రెట్లు వెలుగును తెచ్చును. అంచులయందు చుక్కలు చెదరకుండుటకై దానిని ఎఫ్ 2.8 వరకు మూసినను మూడు రెట్లకు పైగానే నిలుచును. మన పాఠశాల కెమెరాకు అట్టి కటకము ముందే యున్నది. పిల్లలు దాని విలువ నెరుగరైరి.

ఇక చుక్కలను వెన్నంటి త్రిప్పు సాధనమున్నచో 6 సెకనులకు బదులు 2 నిమిషములు వెలుగును పట్టవచ్చును. ఇది 20 రెట్లు. ఏ అంగడిలోని ఏ కెమెరాయు ఇరువది రెట్లు మేలు చేయజాలదు. ఆ సాధనము పెద్ద కెమెరా ధరలో కొంతపాలునకే దొరకును. అదియు కొనలేనివారు చేతితో చేసికొనవచ్చును. రెండు పలకలను ఒక అంచున మడతబందుతో కలుపవలెను. బందు గీతకు 22.9 సెంటీమీటర్ల దూరమున, ఒక చుట్టునకు 1 మిల్లీమీటరు జరుగు మరగల 6 మిల్లీమీటర్ల బోల్టును అడుగు పలకలో నిలిపి, అది పై పలకను ఎత్తునట్లు చేయవలెను. బందు గీత ధ్రువనక్షత్రమువైపు చూచునట్లు ముక్కాలిమీద బిగించి, కెమెరాను పై పలకమీద నుంచవలెను. గడియారమును చూచుచు బోల్టును నిమిషమునకొక చుట్టు, అనగా 15 సెకనులకు పావుచుట్టు చొప్పున త్రిప్పినచో పలక భూమి తిరుగుడును సరిపెట్టును. మన ప్రాంతమున ధ్రువనక్షత్రము క్షితిజమునకు 16 డిగ్రీల ఎత్తుననే యుండును గనుక ఉత్తరదిక్కున చెట్లును దీపములును లేని చోటును వెదకుకొనవలెను.

మూడవది ఓపిక. ఒకే దృశ్యమును పలుమారులు చిత్రించి కంప్యూటరులో కలిపినచో వెలుగు కూడుచుండును. గరుకుదనము అంత త్వరగా పెరుగదు. 16 చిత్రములు కలిపిన స్పష్టత 4 రెట్లగును. 64 కలిపిన 8 రెట్లగును. ఇట్లు కలుపుటకు సిరిల్, డీప్‌స్కైస్టాకర్ అను ఉచిత ప్రోగ్రాములు కలవు. వేడిమి సంగతియు మరువరాదు. సెన్సరు వేడి సుమారు 6 డిగ్రీలు పెరిగిన ప్రతిమారును, వెలుగు లేకున్నను దానిలో పుట్టు దొంగసంకేతము రెట్టింపగును. మే నెల రాత్రికంటె జనవరి రాత్రి 12 డిగ్రీలు చల్లగా నున్నచో ఆ దోషము నాలుగవవంతునకు తగ్గును. చలికాలమునకై వేచియుండుట పైసా ఖర్చులేని మేలు.

ఇదంతయు మేము పుస్తకమును చూచి చెప్పుట లేదు. పండ్రెండేండ్ల క్రిందట మేమును ఈ పొరపాటే చేసితిమి. పట్నములోని ఒక అంగడివాడు చెప్పిన మాటలు నమ్మి, రెండేండ్లు కూడబెట్టిన సొమ్ముతో పెద్ద కెమెరాను కొంటిమి. ఆ యేట క్రిస్మసునకు మా యింటిలో క్రొత్తబట్టలు లేవు. మా పిల్లలు ఏమియు అనలేదు. అదియే మాకు ఎక్కువ బాధ కలిగించెను. మొదటి రాత్రి తీసిన చిత్రములో చుక్కలు మునుపటివలెనే గీతలుగా నుండెను. తరువాత ఒక వడ్రంగి చేసియిచ్చిన రెండు పలకలు ఆ కెమెరా చేయలేనిదానిని చేసినవి.

అయితే క్రొత్త కెమెరా ఎన్నడును అక్కరలేదని మేము వాదించుట లేదు. న్యాయమైన కారణములు కొన్ని కలవు. నీహారికలలోని జలవాయువు 656.3 నానోమీటర్ల ఎర్రని వెలుగును వెదజల్లును. సాధారణ కెమెరాలలో సెన్సరు ముందుంచు వడపోత గాజు ఆ వెలుగులో ఎక్కువ భాగమును ఆపివేయును. అందుచేతనే కానన్ సంస్థ 2005లో 20డీఏ, 2012లో 60డీఏ, 2019లో ఆర్‌ఏ అను కెమెరాలను, నికాన్ సంస్థ 2015లో డీ810ఏ అను కెమెరాను ఖగోళచిత్రముల కొరకే ప్రత్యేకముగా చేసిరి. ఇవి నేడు తయారగుట లేదు. అయినను పాత కెమెరాలోని ఆ గాజును తెలిసినవారిచేత మార్పించుకొనవచ్చును. కావున పాత కెమెరాను తక్కువ ధరకు అమ్మివేయుటకంటె దానినే ఇట్లు మార్పించుట మేలు కావచ్చును. కాని మార్పించిన పిమ్మట పగటి చిత్రములు ఎర్రబారును గనుక పాఠశాలకున్న ఒక్క కెమెరాను అట్లు చేయరాదు.

సెన్సరును చుట్టుపట్ల గాలికంటె 30 డిగ్రీలకు పైగా చల్లబరచు ఖగోళ కెమెరాలును కలవు. మన యెండల దేశమునకు అవి ఎంతయు తగినవే. కాని వానికి ప్రక్కన కంప్యూటరు, 12 వోల్టుల విద్యుత్తు, దిటవైన త్రిప్పుడు పీఠము కావలెను. పండుగనాడు ఇంటివారి చిత్రము తీయుటకు అవి పనికిరావు. చుక్కలను వెన్నంటుట, మసక లేకుండ నాభిని కుదుర్చుట, చిత్రములు కలుపుట, ఈ మూడును నేర్చి ఒక సంవత్సరము పనిచేసిన పిమ్మట, "నా పనికి అడ్డుపడుచున్నది ఇదియే" అని విద్యార్థి వ్రేలుపెట్టి చూపగలిగినచో అప్పుడు కొనుట తగును. చూపలేనివాడు కొన్నదానితోను తృప్తిపడడు.

కొందరు, "పిల్లలకు ఉత్సాహమున్నప్పుడే మంచి సాధనమీయవలెను; లేనిచో ఆసక్తి చల్లారును" అందురు. ఈ మాట త్రోసివేయదగినది కాదు. పనికిమాలిన సాధనముతో విసిగి విడిచిన పిల్లలను మేమును చూచితిమి. కాని అప్పు తెచ్చి కొన్న కెమెరా పిల్లవాని భుజముమీద బరువగును. మబ్బు పట్టిన ప్రతి రాత్రియు, చెడిన ప్రతి చిత్రమును తండ్రి సొమ్ము వ్యర్థమైనట్లు తోచును. నేర్చుకొనువానికి తప్పులు చేయు స్వేచ్ఛ కావలెను. పాత కెమెరా ఆ స్వేచ్ఛనిచ్చును.

ఆ తండ్రిగారితో, "అప్పు చేయవలదు, రెండు పలకలును ఒక బోల్టును తెప్పించుడు" అని చెప్పితిమి. ఆయన కొంత నమ్మియు నమ్మకయు వెళ్లిరి. ఫిబ్రవరి నెలలో ఆ బాలుడును అతని స్నేహితులును ఊరి బయట చేలగట్టున కూర్చుండి, వంతులవారీగా బోల్టును త్రిప్పుచు, నిమిషమునకొకటి చొప్పున 16 చిత్రములు తీసి కలిపిరి. చుక్కలు చుక్కలుగా నిలిచినవి. నీహారిక రెక్కలు చాచిన పక్షివలె, లేత గులాబిరంగుతో కనబడెను. కెమెరా అదియే, కటకమును అదియే. ఆ చిత్రము ఇప్పుడు మా సామాన్యశాస్త్రపు గది గోడమీద నున్నది. తండ్రిగారు వచ్చి దానిని చాలసేపు చూచి, "మా పొలము మీదనా ఇది?" అని అడిగిరి.

తలిదండ్రులకు మా మనవి యేమనగా, పిల్లవాడు కెమెరా అడిగినప్పుడు వెంటనే ఇత్తుననవలదు, లేదనియు కసరవలదు. ఒక రాత్రి వానితో కూడ చీకటిలో కూర్చుండి, ఇప్పుడున్నదానితో ఏమి చేయుచున్నాడో చూడుడు. విద్యార్థులారా, మీకు కావలసినది ముందు లెక్క, తరువాత పలక, ఆ తరువాత ఓపిక. ఈ మూడును మీకు కుదిరిన పిమ్మట కెమెరా సంగతి మరల మాతో చెప్పుడు. అప్పుడు ఏది కొనవలెనో మీరే మాకు చెప్పగలరు.